కంటి చీటీలోని మాటలు

దేవాలయానికి వచ్చే ప్రతి భక్తుడూ కోరుకొనేది దర్శనం. ఈ మాట ‘దృశ్’ అనే సంస్కృత ధాతువు నుండి పుట్టినది. చూచుట అని దాని అర్థం. దృష్టి, దృశ్యం, దర్శనం ఒకే ఇంటి మాటలు. వేములవాడలోనో, ధర్మపురిలోనో, కొండగట్టులోనో గంటల తరబడి వరుసలో నిలిచి గర్భాలయం ముందుకు చేరిన వృద్ధులు, “స్వామి మసక మసకగ కనబడుతున్నడు” అని పక్కవారితో అనడం నేను అనేక పర్యాయాలు విన్నాను. వారిలో కొందరు వయసు మీద పడినదని సరిపెట్టుకుంటారు. కొందరు శిబిరానికి వెళ్లి పరీక్ష చేయించుకుని చీటీ తెచ్చుకుంటారు. అందులో ఏమి వ్రాసి ఉన్నదో తెలియక దానిని నాలుగు మడతలు పెట్టి దేవుని పటం వెనుక దాస్తారు.

నేను వైద్యుడను కాను. కరీంనగర్ ప్రాంతపు ఉన్నత పాఠశాలలలో తెలుగు బోధించి పదవీ విరమణ చేసినవాడను. కంటి శిబిరాలలో పేర్లు వ్రాసే సేవకు కూర్చున్నందువలన, వచ్చినవారి చీటీలు చదివి చెప్పే పని కూడా నా మీద పడింది. తెలియని ప్రతి మాటనూ అక్కడి వైద్యులను, ఆప్టోమెట్రిస్టులను అడిగి వ్రాసి పెట్టుకున్నాను. మాటల మీద మక్కువ ఉన్నవాడిని కాబట్టి ఆ పుస్తకం త్వరగానే నిండింది. అది నిండినకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒకటి ఉన్నది: మన పక్క చూపు పోగొట్టుకున్నవారిలో కొందరికి వ్యాధి చేసిన హానికి తోడు, మాట తప్పుగా అర్థం కావడం వలన గడిచిపోయిన కాలం చేసిన హాని కూడా ఉన్నది. అందుకే ఈ వ్యాసం.

అంధత్వం ఎంత, ఎందువలన అని మన రాష్ట్రంలో శ్రద్ధగా లెక్క కట్టిన పరిశోధనలో మన ఆదిలాబాదుకు కూడా చోటు ఉన్నది. 1996 నుండి 2000 వరకు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాదు నగరం, పశ్చిమ గోదావరి, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ వారు 10,293 మందిని పరీక్షించారు. జనాభాలో నూటికి 1.84 మంది అంధులని తేలింది. ఆ అంధత్వంలో నూటికి 44 వంతులు శుక్లాల వలన, 16 వంతులకు పైగా కంటద్దాలతో సంబంధం ఉన్న దృష్టి దోషాల వలన కలిగినవి. అనగా సగానికి మించిన చీకటి తొలగించడానికి వీలైనదే. అదే 1996లో ఆ సంస్థ హైదరాబాదు దాటి గ్రామీణ ప్రాంతంలో తన తొలి కంటి ఆసుపత్రిని మన ముధోల్‌లో నెలకొల్పింది. అప్పుడు ముధోల్ ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 2016 జిల్లాల పునర్విభజన తరువాత నిర్మల్ జిల్లాలోకి వచ్చింది. కరీంనగర్ వైపు రేకుర్తిలోని లయన్స్ కంటి ఆసుపత్రి పేరు వినని ఊరు తక్కువ. తరువాతి కాలంలో రాష్ట్ర ప్రభుత్వం ‘కంటి వెలుగు’ కార్యక్రమాన్ని 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లోనూ, రెండవ విడతను 2023 జనవరి 18న ఖమ్మంలోనూ ప్రారంభించింది. తొలి విడతలోనే కోటిన్నర మందికి పైగా కంటి పరీక్ష జరిగింది. కావున ఈనాడు మన ఇళ్లలో చీటీలకు కొదువ లేదు.

మొదట అందరికీ తెలిసిన మాటతో ఆరంభిస్తాను. శుక్లం. మన పక్క దానిని మోతిబిందు అంటారు. మోతి అంటే ముత్యం. కనుపాప వెనుక స్వచ్ఛమైన గాజువలె ఉండవలసిన కటకం ముత్యం రంగుకు తిరుగుతుంది కనుక ఆ పేరు చక్కగా అతికింది. కొందరు ‘కంటికి పొర వచ్చింది’ అంటారు. ఇది అంత మంచి మాట కాదు. కంటి పైన ఏదో పొర కమ్మినదనీ, దానిని గోకి తీసివేయవచ్చుననీ అది భ్రమింపజేస్తుంది. మసకబారేది లోపలి కటకమే. ఇంకొక చిక్కు పాఠ్యపుస్తకాలలో ఉన్నది. కంటి ముందుభాగాన గడియారపు అద్దంలా ఉండే పారదర్శకమైన భాగాన్ని, అంటే కార్నియాను, పుస్తకాలు ‘శుక్లపటలం’ అంటాయి. శుక్లం వేరు, శుక్లపటలం వేరు. తెలుపు అనే అర్థం రెండింటికీ ఉన్నది, అంతవరకే చుట్టరికం. పరీక్ష వ్రాసే మనుమడు తాతకు శుక్లపటలం చెడినదని చెబితే ఇంటిల్లిపాదీ కంగారు పడడం నేను చూశాను.

‘మోతి ముదరాలి, పండిన తరువాతనే ఆపరేషన్’ అనే మాట మన పెద్దల నోట ఇంకా ఉన్నది. ఒకప్పుడు ఆ మాట నిజమే. కటకం మొత్తాన్ని తీసివేసే పాత పద్ధతిలో అది బాగా గట్టిపడిన తరువాత తీయడమే సులువు. ఈనాటి పద్ధతులకు ఆ నిరీక్షణ అవసరం లేదు. రోజువారీ పనులకు చూపు చాలకపోతే అదే సమయం. మితిమీరి ముదిరిన శుక్లం లోపలే ఉబ్బి కంటి ఒత్తిడిని పెంచి, తీరని నష్టం చేసే ప్రమాదం కూడా ఉన్నది.

చీటీలో ‘ఫేకో’ అని ఉంటే, రెండు మూడు మిల్లీమీటర్ల చిన్న గాటు ద్వారా కటకాన్ని ముక్కలు చేసి పీల్చివేసే పద్ధతి అని అర్థం. మనవారు దీనిని ‘లేజర్ ఆపరేషన్’ అంటారు. సాధారణంగా ఇందులో వాడేది మన చెవికి వినబడని అతిధ్వని తరంగాలు. ‘ఎస్.ఐ.సి.ఎస్.’ అని ఉంటే, కొంచెం పెద్ద గాటుతో, మామూలుగా కుట్లు లేకుండానే చేసే పద్ధతి. శిబిరాల నుండి తీసుకువెళ్లినవారికి తరచుగా చేసేది ఇదే. ఇది తక్కువరకపు వైద్యమని చిన్నబుచ్చుకోనక్కరలేదు. బాగా ముదిరిన శుక్లాలకు అనేకమంది వైద్యులు దీనినే ఎంచుకుంటారు. ‘ఐ.ఓ.ఎల్.’ అంటే తీసిన కటకం స్థానంలో లోపల అమర్చే కృత్రిమ కటకం. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు 1949 నవంబరులో దీనిని మొదట అమర్చాడు. యుద్ధ విమానాల అద్దం ముక్కలు కొందరు పైలట్ల కళ్లలో గుచ్చుకొని కూడా ఏ చెరుపూ చేయకుండా ఉండిపోవడం గమనించి, ఆ పదార్థంతోనే కటకం చేయించాడట. కీడులో నుండి పుట్టిన మేలు.

ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో, ఏళ్లకో మళ్లీ మసక వస్తే ‘మోతిబిందు తిరిగి వచ్చింది, మొదటిసారి సరిగా చేయలేదు’ అని కొందరు నిరాశ చెంది ఇంటనే ఉండిపోతారు. తీసివేసిన కటకం తిరిగి మొలవదు. కృత్రిమ కటకాన్ని నిలుపుకొన్న సన్నని సంచి వెనుకభాగం మసకబారుతుంది. చీటీలో దీనిని ‘పి.సి.ఓ.’ అని వ్రాస్తారు. ‘యాగ్’ అనే లేజరుతో కొద్ది నిమిషాలలో, గాటు లేకుండా సరిచేస్తారు. నిజంగా లేజరు వచ్చేది ఇక్కడ.

ఇక రెండవ మాట. ఇది అన్నింటికంటె ముఖ్యమైనది కనుక కొంత విస్తరించి వ్రాస్తున్నాను. గ్లాకోమాను తెలుగులో నీటికాసులు అంటారు. కాని మన జిల్లాలలో ఈ తెలుగు మాట తెలిసినవారు అంతంతమాత్రం. ఉర్దూ, హిందీ మాట్లాడేవారు శుక్లాన్ని ‘సఫేద్ మోతియా’ అనీ, దీనిని ‘కాలా మోతియా’ అనీ అంటారు. దానిని విని మనవారు నల్ల మోతిబిందు అని తెలుగు చేసుకున్నారు. ముధోల్, భైంసా, ఆదిలాబాద్ వైపు మరాఠీ ఇళ్లలో శుక్లం మోతీబిందు, ఇది కాచబిందు. ఏ భాషలో చూసినా ఈ రెండూ అన్నదమ్ముల పేర్లవలె ఉన్నాయి. స్వభావం మాత్రం పూర్తిగా వేరు. శుక్లం వలన పోయిన చూపు ఆపరేషన్‌తో తిరిగి వస్తుంది. నీటికాసుల వలన పోయిన చూపు తిరిగి రాదు.

జగిత్యాల దగ్గరి ఒక పల్లె నుండి వచ్చిన పెద్దమనిషి ఒకరు నాకు గుర్తు. బక్కపలుచని రైతు. జేబులో మూడేళ్ల కిందటి చీటీ ఉన్నది. “మోతిబిందు అన్నరు సారూ, నల్లది అన్నరు. పండినంక పోదామని ఆగిన” అన్నాడు. చీటీలో వ్రాసి ఉన్నది గ్లాకోమా అని, రెండు కళ్లలో రోజూ వేయవలసిన చుక్కల మందు పేరుతో సహా. ఒక నెల వేసి, ‘చూపేం పెరగలే’దని మానివేశాడట. ఆనాటి పరీక్షలో ఒక కంటికి వెలుగు కూడా తెలియడం లేదని తేలింది. రెండవ కంటికి మిగిలిన చూపును నిలుపుకొనడానికి చుక్కలు మళ్లీ మొదలుపెట్టారు. ఆయన చేసిన తప్పు ఏమీ లేదు. మోతిబిందుకు ఊరంతా చెప్పే సలహాను నల్ల మోతిబిందుకు కూడా పాటించాడు.

కంటి లోపల ఒక ద్రవం నిరంతరం ఊరుతూ, సన్నని జల్లెడ వంటి మార్గాన బయటికి పోతూ ఉంటుంది. మా ఊరి చెరువుకు కాలువ, మత్తడి ఉన్నట్లే. మత్తడి పూడితే కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. కంటిలో ఆ ఒత్తిడి వెనుకనున్న దృష్టినాడిని నలిపివేస్తుంది. చీటీలో ‘ఐ.ఓ.పి.’ అని ఉన్నచోట వ్రాసేది ఈ ఒత్తిడినే. మామూలుగా 10 నుండి 21 వరకు ఉంటుంది. అంకె మామూలుగా ఉన్నా నాడి దెబ్బతినేవారు కొందరు ఉంటారు గనుక వైద్యులు దృష్టినాడిని కూడా చూస్తారు. ‘సి.డి. రేషియో’ అని 0.3, 0.8 వంటి అంకె వ్రాస్తే అది నాడి మధ్యనున్న గుంట ఎంత వెడల్పో చెప్పేది. ‘ఫీల్డ్ టెస్ట్’ లేదా ‘పెరిమెట్రీ’ అంటే చుట్టూ ఎంతమేర కనబడుతున్నదో కొలిచే పరీక్ష. నీటికాసులు పక్కల నుండి చూపును తినుకుంటూ వస్తాయి, నొప్పి ఉండదు, ఎదురుగా చివరివరకు బాగానే కనబడుతుంది. పైన చెప్పిన పరిశోధనలో ఈ వ్యాధి బయటపడినవారిలో అత్యధికులకు అంతకుముందు అది ఉన్నదని తెలియనే తెలియదు.

చుక్కలు చూపును పెంచవు, ఉన్న చూపును కాపాడతాయి. బి.పి. మాత్రవలె జీవితాంతం వేయవలసినవి. తోబుట్టువులలో, తల్లిదండ్రులలో ఎవరికైనా ఈ వ్యాధి ఉంటే నలభై దాటినవారు పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి. దీనిలో ఇంకొక రకం ఒక్కసారిగా దాడి చేస్తుంది. కన్ను ఎర్రబడి, ఒకవైపు తల పగిలే నొప్పితో వాంతులు మొదలై, దీపం చుట్టూ ఇంద్రధనుస్సు వంటి వలయాలు కనబడతాయి. వాంతులు చూసి పైత్యమని సోడా, నిమ్మరసం ఇచ్చి పడుకోబెడతారు. ఆ రాత్రి గడిచేలోగా చూపు పోవచ్చు. వెంటనే కంటి వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.

ఇప్పుడు అద్దాల సంగతి. ఇక్కడ మాటలు ప్రాణాంతకం కావు గాని గందరగోళానికి లోటు లేదు. ‘నాకు దూరపు చూపు’ అని ఒకరు అంటే, దూరం కనబడుతుందని చెబుతున్నారా, కనబడదని చెబుతున్నారా? పుస్తకాల ప్రకారం హ్రస్వదృష్టి అంటే దగ్గర మాత్రమే స్పష్టంగా కనబడడం. దీర్ఘదృష్టి దీనికి ఎదురు. వాడుకలో మాత్రం బోర్డు కనబడని పిల్లవానిని ‘దూరపు సైట్’ అంటారు. కనుక పేరు చెప్పకుండా ‘దూరంగా ఉన్న బస్సు బోర్డు కనబడదు’, ‘సూదిలో దారం ఎక్కదు’ అని కష్టాన్నే చెప్పడం ఉత్తమం. పేరు పెట్టే పని వైద్యునిది.

చీటీలో ఆర్.ఇ. అంటే కుడి కన్ను, ఎల్.ఇ. అంటే ఎడమ కన్ను. కొందరు లాటిన్ సంక్షిప్తాలతో ఓ.డి., ఓ.ఎస్. అని వ్రాస్తారు. ఓ.డి. కుడి, ఓ.ఎస్. ఎడమ, ఓ.యు. రెండు కళ్లు. మందు చుక్కలు ఏ కంటికో తెలియడానికి ఈ మూడు జతలు తెలిసి ఉండడం మేలు. ‘వి.ఎ.’ అన్నచోట 6/6, 6/18, 6/60 అని ఉంటుంది. ఉపాధ్యాయుడిని కాబట్టి మొదటిసారి చూసినప్పుడు నాకు ఇవి మార్కులవలె కనిపించాయి, అరవైకి ఆరు! ఇది మార్కుల లెక్క కాదు. 1862లో హెర్మన్ స్నెలెన్ అనే డచ్చి వైద్యుడు రూపొందించిన అక్షరాల పటం మీద ఆధారపడిన కొలత. పై అంకె పటానికి, కంటికి మధ్య దూరం, అనగా 6 మీటర్లు. కింది అంకె, అదే వరుసను మంచి చూపు గల కన్ను ఎంత దూరం నుండి చదవగలదో చెబుతుంది. 6/60 అంటే ఇతరులు 60 మీటర్ల నుండి చదివేదానిని ఇతడు 6 మీటర్ల దగ్గర మాత్రమే చదవగలుగుతున్నాడు. అద్దాలు పెట్టిన తరువాత కూడా ఇలాగే ఉంటే అది వేరే వ్యాధికి సూచన. మన దేశపు జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 2017 నుండి మంచి కంటి చూపు 3/60 కంటె తక్కువైతే అంధత్వంగా పరిగణిస్తున్నది. పటం కూడా చదవలేనివారికి ‘సి.ఎఫ్.’ అని, వేళ్లు లెక్కించగల దూరం వ్రాస్తారు. చేయి ఊపడం తెలిస్తే ‘హెచ్.ఎం.’, వెలుగు మాత్రమే తెలిస్తే ‘పి.ఎల్.’. అక్షరాలు రానివారు సిగ్గుపడనక్కరలేదు, వారికి ఒకే గుర్తు ఏ వైపు తిరిగి ఉన్నదో వేలితో చూపమనే పటం వేరే ఉన్నది.

‘ఎస్.పి.హెచ్.’ అన్నది అద్దం శక్తి. ప్రమాణం డయాప్టర్. ముందు మైనస్ గుర్తు ఉంటే హ్రస్వదృష్టి, ప్లస్ గుర్తు ఉంటే దీర్ఘదృష్టి. దీనిని ఇంటనే అర్థం చేసుకొనే ఉపాయం ఒకటి ఉన్నది. మీటరును ఆ అంకెతో భాగించాలి. మైనస్ 2 ఉన్నవానికి అద్దాలు లేకుండా అర మీటరు వరకే స్పష్టంగా కనబడుతుంది, మైనస్ 4 ఉంటే పావు మీటరు. వెనుక బల్ల మీద కూర్చున్న పిల్లవాడికి పాఠం ఎందుకు అందలేదో ఈ లెక్క చెబుతుంది. ‘సి.వై.ఎల్.’, ‘యాక్సిస్’ కలిసి వచ్చే మాటలు. కార్నియా బంతివలె అన్ని వైపులా ఒకే వంపుతో ఉండక, గుడ్డువలె ఒకవైపు ఎక్కువ వంగి ఉంటే గీతలు సాగినట్లు కనబడతాయి. దీనిని అసమదృష్టి అంటారు. సరిచేసే శక్తి సి.వై.ఎల్., అది ఏ కోణంలో ఉండాలో చెప్పేది యాక్సిస్, 1 నుండి 180 వరకు. యాక్సిస్ తప్పితే కొత్త అద్దాలతో తల తిరుగుతుంది. 0.50కు బిందువు జారి 5.0 అయితే చెప్పనక్కరలేదు. ‘పి.డి.’ అంటే రెండు కనుపాపల మధ్య దూరం, మిల్లీమీటర్లలో.

‘యాడ్’ అన్న గడి నలభై దాటినవారిది. అదే చత్వారం. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. ఆ వయసుకు వస్తుందని మన పూర్వులు వయసునే పేరుగా పెట్టారు, చాలీసు అన్న మాట కూడా అటువంటిదే. కంటిలోని కటకం గట్టిపడి, దగ్గరి వస్తువు కోసం వంపు మార్చుకొనలేకపోవడం దీనికి కారణం. వ్యాధి కాదు. తొలుత ప్లస్ 1తో మొదలై అరవై నాటికి ప్లస్ 2.50 వరకు పెరగడం సహజం. అద్దాలు పెట్టుకున్నందువలన పెరిగిందనడం సరికాదు, పెట్టుకోకపోయినా పెరుగుతుంది. కరీంనగర్‌లో వెండి తీగతో నగిషీ చేసే పనివారు, సిరిసిల్లలో తెగిన పోగును అతికే నేతకారులు, జగిత్యాల, నిర్మల్ వైపు బీడీలు చుట్టే స్త్రీలు దీనివలన ఎక్కువ నష్టపోతారు. చేతికి నైపుణ్యం వచ్చిన వయసులోనే కన్ను సహకరించడం మానుతుంది. బీడీల లెక్క తగ్గితే కూలి తగ్గుతుంది. ‘ఆడవాళ్లకు అద్దాలెందుకు’ అనే మాట ఆ ఇళ్లలో ఇంకా వినబడుతున్నది, నాకు అది మింగుడుపడదు. దగ్గరి చూపును చీటీలో ఎన్ 6, ఎన్ 8 అని వ్రాస్తారు. అంకె పెరిగినకొద్దీ పెద్ద అచ్చు కావలసి వస్తున్నదని అర్థం. మన పత్రిక అచ్చు చదవలేకపోతే మీకే తెలిసిపోతుంది.

జాతరలలో, బస్టాండుల దగ్గర దొరికే సిద్ధపు అద్దాలను నేను పూర్తిగా కాదనను. రెండు కళ్లకు ఒకే శక్తి చాలినవారికి, సి.వై.ఎల్. లేనివారికి చదువుకొనడానికి అవి పనికివస్తాయి. కాని వాటిని అమ్మేవారు కంటి ఒత్తిడిని చూడరు, నాడిని చూడరు. ఒక్కసారైనా వైద్యపరీక్ష అయిన తరువాత కొనుక్కోవడం మేలు.

పిల్లల విషయంలో రెండు మూడు మాటలు. బాసరలో అక్షరాభ్యాసానికి దేశం నలుమూలల నుండి తల్లిదండ్రులు పిల్లలను తెస్తారు. పలక మీద ఓం అని దిద్దించే ఆ వయసే కంటి పరీక్షకు కూడా సరైన వయసు. మెల్లకన్ను అదృష్టమని అనేవారు ఉన్నారు. మెల్ల ఉన్న కంటిని, లేదా రెండింటిలో ఎక్కువ దోషం ఉన్న కంటిని మెదడు క్రమంగా లెక్కలోకి తీసుకొనడం మానివేస్తుంది. దీనిని ‘ఆంబ్లియోపియా’ లేదా ‘లేజీ ఐ’ అని వ్రాస్తారు. కన్ను బద్ధకించిందని పిల్లను గద్దించవలసిన పని లేదు. మంచి కంటిని రోజుకు కొన్ని గంటలు మూసి, బలహీనమైన కంటికి పని కల్పిస్తారు, దానినే ప్యాచింగ్ అంటారు. ఏడెనిమిదేళ్లలోపు ఈ చికిత్స బాగా ఫలిస్తుంది. తరువాత కన్నును నిటారు చేయగలరు గాని పోయిన చూపును తేవడం కష్టం. పసిపిల్ల కనుపాప తెల్లగా, ఫోటోలో పిల్లికన్నువలె మెరిస్తే ఒక్కరోజు కూడా ఆగరాదు. అది కంటి లోపలి క్యాన్సర్ కావచ్చు, కాపాడవలసింది ప్రాణాన్ని.

రేచీకటి అనే ఒక మాట కింద రెండు వ్యాధులు ఉన్నాయి. పిల్లలలో వచ్చేది ఎక్కువగా ఎ విటమిన్ లోపం. తొమ్మిదవ నెల నుండి అయిదేళ్ల వరకు ప్రభుత్వం చుక్కలరూపంలో ఇచ్చే తొమ్మిది మోతాదులు, మునగాకు, తోటకూర, బొప్పాయి దీనిని నివారిస్తాయి. రెండవది రెటినా వంశపారంపర్యంగా క్షీణించడం, చీటీలో ‘ఆర్.పి.’ అంటారు. మేనరికాలు తరతరాలుగా సాగిన కుటుంబాలలో ఇది వచ్చే అవకాశం హెచ్చు. ఆకుకూరలతో ఇది నయం కాదు.

కంటిలో ‘పువ్వు’ అంటే కార్నియా మీద పుండు మానిన తరువాత మిగిలే తెల్లని మచ్చ. వరి కోతలలో, నూర్పిళ్లలో గడ్డిపోచ, వడ్లగింజ తగిలి మొదలవుతుంది. పసరు పిండడం, ఆముదం, చనుబాలు పోయడం, దుకాణంలో అడిగి స్టీరాయిడ్ చుక్కలు వేయడం ఆ చిన్న గాయాన్ని బూజు పుండుగా మార్చగలవు. మంచినీటితో కడిగి ఆసుపత్రికి పోవడమే చేయదగినది. చీటీలో దీనిని ‘కార్నియల్ అల్సర్’ అంటారు. మచ్చ మిగిలితే ‘కెరటోప్లాస్టీ’ అవసరం కావచ్చు, అంటే మరణించినవారు ఇచ్చిన కార్నియాను అతకడం. నేత్రదానంలో వాడేది ముఖ్యంగా ఈ కార్నియానే. మొత్తం కన్నును మార్చడం సాధ్యం కాదు, కావున నీటికాసులకు, రెటినా జబ్బులకు అది ఉపాయం కాదు. మరణించిన ఆరు గంటలలోగా సేకరించాలి. అద్దాలు వాడినవారు, శుక్లం ఆపరేషన్ అయినవారు కూడా దానం చేయవచ్చు.

షుగరు ఉన్నవారి చీటీలో ‘ఎన్.పి.డి.ఆర్.’ లేదా ‘పి.డి.ఆర్.’ కనబడవచ్చు. రెండూ షుగరు వలన రెటినా రక్తనాళాలు చెడడమే. మొదటిది ఆరంభదశ, రెండవది కొత్త నాళాలు పుట్టి రక్తం కారే దశ. చూపు బాగున్నప్పుడే ఇది మొదలవుతుంది కనుక ఏడాదికొకసారి కనుపాప విప్పి చూపించుకోవాలి. కళ్ల ముందు మెరుపులు, కొత్తగా నల్లని చుక్కలు, తెర దిగినట్లు నీడ వస్తే రెటినా ఊడుతున్నదేమోనని ఆ రోజే వెళ్లాలి.

కనుపాప విప్పే చుక్కలను చీటీలో ‘డైలేషన్’ అంటారు. వేసిన తరువాత కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు కనబడవు, ఎండ భరించరాదు. మోటారు సైకిలు మీద ఒంటరిగా వెళ్లకుండా ఇంటి నుండి ఒకరిని వెంట తీసుకుపోవాలి. అక్కడ ముగ్గురు వేర్వేరు మనుషులు ఉంటారు. ఆప్టోమెట్రిస్టు చూపును, అద్దాల శక్తిని కొలుస్తారు. ఆప్తాల్మాలజిస్టు వ్యాధిని నిర్ణయించి శస్త్రచికిత్స చేసే వైద్యుడు. ఆప్టీషియన్ అద్దాలు తయారుచేసి ఇస్తారు. పాత అద్దాలు, వాడుతున్న మందుల సీసాలు, పటం వెనుక దాచిన పాత చీటీ కూడా తీసుకుపోతే ఒత్తిడి అంకె, చూపు అంకె ఏడాదికేడాది ఎట్లా మారినవో వారు పక్కపక్కన పెట్టి చూడగలుగుతారు. వచ్చే శిబిరంలో నేను ద్వారం దగ్గరి బల్ల వద్దనే ఉంటాను. అర్థం కాని మాట ఉంటే చీటీ విప్పి చూపించండి.